అల్యూమినియం ఇంజన్ల లోపలి తుప్పు: శుభ్రం చేసే పద్ధతుల చరిత్ర

అల్యూమినియానికి పట్టే తుప్పు ఇనుము తుప్పులా ఎర్రగా ఉండదు. తెల్లటి పొడిగా, తడి తగిలే చోట జిగురు ముద్దగా పేరుకుంటుంది. పాత ఇంజన్ సిలిండర్ హెడ్ విప్పితే నీటి దారుల అంచుల్లో కనిపించేది ఇదే. గీకితే ఊడివస్తుంది, దాని కింద లోహంలో పడిన గుంటలు బయటపడతాయి. కరిగిపోయిన లోహం కంటే ఈ పొడి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి సన్నని దారులు మూసుకుపోయి ఇంజన్ వేడెక్కుతుంది.

దాన్ని తీయడం ఎందుకు కష్టమో తెలియాలంటే లోహ స్వభావం తెలియాలి. గాలి తగలగానే అల్యూమినియం మీద కంటికి కనబడనంత పలచని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. లోహాన్ని కాపాడేది అదే. పీహెచ్ సుమారు 4 నుంచి 8.5 దాకా ఆ పొర నిలకడగా ఉంటుంది. అంతకు మించిన ఆమ్లంలోనూ కరుగుతుంది, క్షారంలోనూ కరుగుతుంది. అందుచేత తుప్పును కరిగించే మందుల్లో చాలావరకు మంచి లోహాన్నీ తినేస్తాయి. తుప్పును వదిలించి లోహాన్ని మిగుల్చుకోవడం ఎలాగన్నదే ఈ పనిలో మొదటి నుంచీ ఉన్న చిక్కు.

1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో హెరూల్ విడివిడిగా విద్యుద్విశ్లేషణ పద్ధతి కనుక్కున్నాక అల్యూమినియం చవకైంది. 1903లో ఎగిరిన రైట్ సోదరుల విమానం ఇంజన్ క్రాంక్‌కేస్ దాదాపు 8 శాతం రాగి కలిపిన అల్యూమినియం పోత. రాగి బలాన్నిచ్చింది గానీ తుప్పుకు దారి కూడా తెరిచింది. నీటి సమక్షంలో రాగి ఎక్కువగా ఉన్న రేణువులకూ చుట్టూ ఉన్న అల్యూమినియానికీ మధ్య చిన్న చిన్న విద్యుత్ ఘటాలు ఏర్పడి, గుంటలు పడటం అక్కడే మొదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మార్క్ బిర్కిట్ రూపొందించిన హిస్పానో-సూయిజా ఇంజన్‌లో సిలిండర్ల దిమ్మ మొత్తం అల్యూమినియం పోతే. ఆనాటి పోతల్లో సన్నని రంధ్రాలుండి నీళ్లు కారేవి. అందుకే ఆ దిమ్మకు లోపలా బయటా ఎనామిల్ పూత వేశారు. కారడం ఆపడానికి వేసిన ఆ పూత నీటికీ లోహానికీ మధ్య అడ్డుగోడ కూడా అయింది.

ఇంజన్ చల్లబరచడానికి నీటికి బదులు ఇథిలీన్ గ్లైకాల్ వాడకం మొదలయ్యాక సమస్య రూపు మారింది. రోల్స్-రాయిస్ మెర్లిన్‌లో మొదట స్వచ్ఛమైన గ్లైకాల్ వాడి, తర్వాత 70 పాళ్ల నీళ్లకు 30 పాళ్ల గ్లైకాల్ కలిపి ఒత్తిడిలో ఉంచారు. వేడికీ గాలికీ గ్లైకాల్ మెల్లగా విరిగి గ్లైకాలిక్, ఫార్మిక్ ఆమ్లాలుగా మారుతుంది. ఆ ఆమ్లాలు లోహాన్ని తినకుండా బ్రిటన్‌లో విమాన ఇంజన్ల గ్లైకాల్‌లో ట్రైఇథనోలమీన్ ఫాస్ఫేట్ కలిపారు. శుభ్రం చేయడం కంటే తుప్పు రాకుండా చూడటం మేలన్న ఆలోచన అప్పటికే బలపడిందన్నమాట.

అయినా ఓవర్‌హాల్ షాపుకు వచ్చిన ఇంజన్‌ను విప్పి కడగక తప్పదు. పోత ఇనుము దిమ్మలను వేడి కాస్టిక్ సోడా తొట్టిలో ఉడికించడం మోటారు షాపుల పాత అలవాటు. అదే తొట్టిలో అల్యూమినియం భాగం వేస్తే హైడ్రోజన్ బుడగలు పొంగుతాయి, లోహం కళ్లముందే పలచబడుతుంది, రాగి ఉన్న మిశ్రలోహమైతే పైన నల్లటి మసి మిగులుతుంది. ఆ మసిని నైట్రిక్ ఆమ్లంతో వదిలించవచ్చు కానీ కరిగిన లోహం తిరిగి రాదు. గాఢత తక్కువ ఉన్న క్షార సబ్బు నీళ్లతో కూడా ప్రమాదం ఉంది. అల్యూమినియం పోత సన్నని రంధ్రాల్లో మిగిలిన సబ్బు తర్వాత ఇంజన్ ఆయిల్‌లో కలిసి నురగ పుట్టిస్తుంది. విమాన మెకానిక్కులకు ఈ హెచ్చరికను ప్రత్యేకంగా నేర్పేవారు.

కడగడానికి బదులు గింజలను వేగంగా ఊది తుప్పు రాల్చే పద్ధతికి మూలం 1870లో బెంజమిన్ టిల్గ్‌మన్ పేటెంట్ తీసుకున్న ఇసుక యంత్రం. ఇసుక అల్యూమినియాన్ని కోసేస్తుంది కాబట్టి విమాన ఇంజన్ల షాపులు మెత్తటి గింజల వైపు చూశాయి: అక్రోటు పెంకుల పొడి, కాల్చిన గోధుమలు, చివరికి బియ్యం కూడా. ఊదే ముందు ఆయిల్ దారులన్నిటికీ రబ్బరు బిరడాలు బిగించాలి. లోపల ఒక్క గింజ మిగిలినా బేరింగు పోతుంది. ఇనుప తీగల బ్రష్షు పనికిరాదు. అది వదిలే ఇనుప ముక్కలు లోహంలో దిగబడి, అక్కడే కొత్తగా తుప్పు మొదలవుతుంది.

కార్లలోనూ 1960లలో ఈ తుప్పు బాధ కనిపించింది. 1961 నుంచి 1963 దాకా వచ్చిన బ్యూయిక్ అల్యూమినియం వీ8 ఇంజన్‌కు, అల్యూమినియానికి పడని కూలెంట్ పోయడం వల్ల రేడియేటర్లు పూడుకుపోయేవి. హెడ్లో కరిగిన అల్యూమినియం చల్లటి రేడియేటర్ గొట్టాల్లో తెల్లటి మడ్డిగా గడ్డకట్టడమే దీనికి కారణం. తుప్పును అడ్డుకోవడానికి తర్వాతి కాలంలో కూలెంట్లలో సిలికేట్లు, ఆపైన 1990లలో సేంద్రియ ఆమ్లాల లవణాలు చేరాయి. ఇప్పుడు పాత హెడ్లు బాగుచేసేవారు తుప్పు పూర్తిగా తీసి, గుంటలను వెల్డింగ్‌తో నింపి, గ్యాస్కెట్ కూర్చునే ముఖాన్ని చదును చేస్తారు.

లోహానికి హాని చేయకుండా తుప్పు మాత్రమే తీసే మందు ప్రయోగశాలల్లో దొరికింది. లీటరు ద్రావణానికి 50 మిల్లీలీటర్ల ఫాస్ఫారిక్ ఆమ్లం, 20 గ్రాముల క్రోమియం ట్రైఆక్సైడ్. 90 డిగ్రీలకు పైన 5 నుంచి 10 నిమిషాలు. ఫాస్ఫారిక్ ఆమ్లం తుప్పును కరిగిస్తుంటే, క్రోమేటు లోహాన్ని కాపాడుతుంది. తుప్పు నష్టాన్ని తూకం వేసి కొలిచే పరీక్షలకు ఇది ప్రామాణికం. అయితే ఆ క్రోమియం సమ్మేళనం క్యాన్సర్ కారకం కాబట్టి మామూలు షాపులకు తగదు.

సముద్రంలో దశాబ్దాలు మునిగి ఉన్న విమాన ఇంజన్లను పైకి తీయడం మొదలయ్యాక మరో కష్టం ఎదురైంది. గుంటల అడుగున దాగిన క్లోరైడ్లు గాలి తగలగానే మళ్లీ పని మొదలుపెడతాయి. పైకి శుభ్రంగా కనిపించిన భాగం నెలల్లో పొడై రాలుతుంది. ఇలాంటి ఇంజన్లలో ఉక్కు, అల్యూమినియం అతుక్కుపోయి ఉంటాయి, విడదీయడం కుదరదు. ఫ్రాన్స్‌లో క్రిస్టియాన్ డెగ్రిన్యీ దీనికి విద్యుత్ మార్గం చూపాడు: ఇంజన్‌ను రుణ ధ్రువంగా చేసి, సుమారు 5.4 పీహెచ్ ఉన్న సిట్రేట్ ద్రావణంలో ముంచి, క్లోరైడ్లను బయటికి లాగడం. ఆ పీహెచ్ అల్యూమినియం మీది ఆక్సైడ్ పొర నిలిచే హద్దుల్లోనే ఉంది. ద్రావణంలోకి వచ్చే క్లోరైడును కొలుస్తూ, అది పెరగడం ఆగేదాకా ద్రావణం మారుస్తారు. తర్వాత లవణాలు లేని నీటితో కడిగి, ఆరబెట్టి, మైనం పూత వేస్తారు.