డిగ్రీ ముందా, కొలువు ముందా

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో డిగ్రీ ముగించిన కుర్రాడి సంగతి అడిగితే ‘ప్రిపేరవుతున్నాడు’ అంటారు. రెండేళ్లు గడిచాక అదే కుర్రాణ్ణి ‘ఖాళీగా ఉన్నాడు’ అంటారు. మధ్యలో అతను చేసిన తప్పేమీ ఉండదు, సర్కారు కొలువుల నోటిఫికేషన్ పడకపోవడం తప్ప. అయినా నింద అతని మీదే పడుతుంది. ఈ ఎదురుచూపు అతని బద్ధకం వల్ల వచ్చింది కాదు. ఈ ప్రాంతంలో ఇంగ్లీషు చదువు పుట్టిన తీరులోనే దాని మూలం ఉంది.

1844లో గవర్నర్ జనరల్ హార్డింజి సర్కారు ఉద్యోగాల్లో ఇంగ్లీషు చదివినవాళ్లకే మొదటి పీట వెయ్యాలని ఉత్తర్వు చేశాడు. మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడిన 1857లోనే విజయనగరంలో మహారాజావారి బడి మొదలైంది. అది 1879లో కాలేజీ అయింది. అంటే ఇక్కడ పట్టా మొదటినుంచీ కచేరీ గుమ్మానికి తాళంచెవే. తొలి తరానికి ఆ తాళం ఇట్టే తెరుచుకుంది. గురజాడ అప్పారావు 1884లో ఎఫ్.ఏ. అయ్యి, ఆ యేడే 25 రూపాయల జీతానికి హైస్కూలు ఉపాధ్యాయుడయ్యాడు. 1886లో బి.ఏ. అయ్యి, ఆ యేడే డిప్యూటీ కలెక్టరు కచేరీలో హెడ్ క్లర్కయ్యాడు. మరుసటేడు కాలేజీ అధ్యాపకుడు. గిడుగు రామమూర్తి కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, విజయనగరంలో చదివి, 1879లో మెట్రిక్యులేషన్ గట్టెక్కి, మరుసటేడే పర్లాకిమిడిలో బడిపంతులయ్యాడు. బి.ఏ. పట్టా 1896లో గానీ చేతికి రాలేదు, అదీ ప్రైవేటుగా చదివి. కొలువు ముందు, డిగ్రీ తరవాత. కూటికి దిగులు లేని ఆ స్థిమితంలోనే సవరల భాష నేర్చాడు, దానికి వ్యాకరణం, నిఘంటువు కట్టాడు. ఇప్పటి కుర్రాడికి వరస తిరగబడింది. డిగ్రీ ముందొచ్చి, కొలువు కోసం పోటీ పరీక్షల సిలబస్‌ని బిట్లుగా పదేపదే వల్లె వేయడంలో ఇరవైల వయసు ఖర్చయిపోతోంది.

అప్పుడు పట్టభద్రులు వేళ్లమీద లెక్కించేంత మంది, ఇప్పుడు ఊరికి పదుల్లో ఉన్నారు, పోలికేమిటని అనవచ్చు. నిజమే. కానీ పట్టాలు పెరిగాయి గానీ పట్టాకు కట్టిన అర్థం మారలేదు. ఆ అర్థాన్ని కట్టింది సర్కారే, కుర్రాడు కాదు. గురజాడ నాటకం కన్యాశుల్కంలో అగ్నిహోత్రావధానులు కొడుకు ఇంగ్లీషు చదువుకి డబ్బు పోతోందని మండిపడతాడు. అతని భార్య వెంకమ్మ మాత్రం ఆ చదువుమీదే ఆశ పెట్టుకుంటుంది. ఆ నాటకం 1892లో తొలిసారి ఆడారు. ఆ తల్లి ఆశ నేటికీ ఇంటింటా ఉంది.

సర్కారు కొలువే కావాలా, మరో పని చేసుకోకూడదా అన్నది ఇంకో మాట. ఈ నేలమీద మరో పనంటే ఏముండేది? చదువు లేనివాళ్లు వేలమంది రంగూను ఓడలెక్కారు. 1942లో యుద్ధం తరిమితే అడవులగుండా కాలినడకన తిరిగొచ్చారు. ఇక నెల్లిమర్ల, చిట్టివలస, బొబ్బిలి, సాలూరు జనపనార మిల్లులు కొన్నాళ్లు బతుకునిచ్చాయి. ఆ మిల్లులు పదేపదే మూతపడ్డాయి. వలసపోతే హైదరాబాదు, చెన్నై. ఊళ్లోనే ఉంటే ప్రైవేటు బడిలో చాలీచాలని జీతం, సాయంత్రం ట్యూషన్లు. ఇన్ని తరాల అస్థిరత చూసిన కుటుంబం నెలతిరిగేసరికి జీతమొచ్చే కొలువు కోసం ఎదురుచూడడం వ్యామోహం కాదు, అనుభవం నేర్పిన లెక్క.

ఎన్ని పోస్టులని ఏ ప్రభుత్వమైనా ఇవ్వగలదు అని అడిగేవారికీ జవాబుంది. అందరికీ ఉద్యోగం ఇమ్మని ఎవరూ అడగడం లేదు, తేదీ చెప్పమంటున్నారు. పరీక్ష ఎప్పుడో తెలిస్తే, తప్పినవాడు ఇంకో దారి చూసుకోగలడు. తెలియకపోతే, నేడో రేపో పడుతుందన్న ఆశ అతన్ని కదలనివ్వదు, ఈలోగా వయోపరిమితి తరుముతుంది. ఉపాధ్యాయ నియామకాల పరీక్ష డీఎస్సీలో 1998లో అర్హులై, నియామకం లేక మిగిలిపోయినవారికి ఉద్యోగాలివ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది 2022లో. ఆసరికి వాళ్లలో చాలామంది యాభై దాటారు. 2018 డీఎస్సీ తరవాత 2024 ఫిబ్రవరిలో నోటిఫికేషన్ వచ్చి, అదే ఏడు రద్దయింది. చివరికి 16,347 పోస్టులకు ప్రకటన పడింది 2025 ఏప్రిల్‌లో. దాదాపు ఏడేళ్ల ఆ ఖాళీ కుర్రాళ్లది కాదు, సర్కారుది. ప్రతి ఏడూ ఫలానా నెలలో డీఎస్సీ, ఫలానా నెలలో గ్రూప్స్ అని చట్టం చేసి దానికి కట్టుబడాలి. ఈ రెండు జిల్లాల శాసనసభ్యులు అడగవలసిన మొదటి మాట అదే.