ఓడ రేడియో లైసెన్సు

ఓడ రేడియో లైసెన్సు అనగా ఓడపై రేడియో ప్రసార పరికరాలను అమర్చి వాడుకొనుటకు, ఆ ఓడ నమోదైన దేశపు ప్రభుత్వం ఇచ్చే అనుమతి పత్రం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం (ఐటీయూ) నిబంధనల ప్రకారం ప్రభుత్వ లైసెన్సు లేకుండా ఏ ప్రసార కేంద్రమూ పనిచేయరాదు. పరికరానికి లైసెన్సు ఉంటే చాలదు, దానిని నడిపే వ్యక్తికి విడిగా ఆపరేటరు ధ్రువపత్రం ఉండాలి.

చరిత్ర

50 మంది లేదా అంతకు మించి ప్రయాణించే, దూరప్రయాణపు ఓడలలో రేడియో ఉండాలని అమెరికా 1910లో చట్టం చేసింది. 1912 ఏప్రిల్ 15న టైటానిక్ ఓడ మునిగి సుమారు 1,500 మంది మరణించారు. సమీపంలోనే ఉన్న కాలిఫోర్నియన్ ఓడలో రేడియో ఉన్నా, దాని ఏకైక ఆపరేటరు యంత్రాన్ని ఆపి నిద్రించినందున ఆపద సందేశం అందలేదు. అదే ఏడాది అమెరికా తన చట్టాన్ని సవరించి, ఓడలలో రాత్రింబవళ్ళు రేడియో వినేందుకు కనీసం ఇద్దరు ఉండాలన్నది. ఆగస్టు 13న వచ్చిన మరో చట్టం రేడియో కేంద్రాలకు, ఆపరేటర్లకు లైసెన్సులను తప్పనిసరి చేసింది. సముద్రంపై ప్రాణరక్షణకు తొలి అంతర్జాతీయ ఒడంబడిక (సోలాస్) 1914లో కుదిరింది.

ప్రస్తుత విధానం

1992-1999 మధ్య దశలవారీగా అమలైన ప్రపంచ సముద్ర ఆపద, భద్రతా వ్యవస్థ (జీఎండీఎస్ఎస్) అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ప్రయాణికుల ఓడలకు, 300 గ్రాస్ టన్నేజి, ఆపైన గల సరకు ఓడలకు వర్తిస్తుంది. ఇటువంటి ఓడకు పిలుపు సంకేతంతో పాటు ఎమ్ఎమ్ఎస్ఐ అనే 9 అంకెల సంఖ్యను కేటాయిస్తారు. భారతీయ ఓడల సంఖ్య 419తో మొదలవుతుంది. ఆపద మీట నొక్కగానే పరికరం ఈ సంఖ్యను ప్రసారం చేస్తుంది. దాని ఆధారంగా రక్షణ సిబ్బంది ఓడ వివరాలను, యజమానిని తెలుసుకుంటారు. ఓడ చేతులు మారినపుడు నమోదును సవరించకపోతే ఆ వివరాలు వారిని తప్పుదారి పట్టించగలవు.

భారతదేశంలో

భారతదేశంలో లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని కలిగి ఉండుటను 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నేరంగా పరిగణించింది. దాని స్థానంలో 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. ఓడ రేడియోల లైసెన్సులను టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం చూస్తుంది.

మినహాయింపు

ఆపదలో ఉన్న ఓడ సహాయం కోరుటకు తనకు అందుబాటులో ఉన్న ఏ రేడియో సాధనాన్నైనా వాడవచ్చును. ఐటీయూ నిబంధనలలో ఏదీ ఇందుకు అడ్డురాదు.