బడిలో మరొక సంవత్సరం

చదువుకున్నవారు చదువు లేనివారికంటె సగటున ఎక్కువకాలం బ్రతుకుతారని అనేక దేశాల లెక్కలు చెబుతున్నవి. దీనిని బట్టి చదువే ఆయుర్దాయాన్ని పెంచినదని అనవచ్చునా? తొందరపడరాదు. పిల్లలను ఎక్కువకాలం బడికి పంపగల ఇంటిలో మంచి తిండి, వైద్యం కూడ ఉంటవి. చిన్ననాటినుండి జబ్బుతో ఉన్నవాడు చదువు మధ్యలోనే మానవచ్చును. అప్పుడు చదువు తక్కువై ఆరోగ్యం చెడలేదు. ఆరోగ్యం చెడి చదువు తక్కువైనది. మరి కారణమేదో, కార్యమేదో తేల్చటం ఎట్లా?

ఎరువు గుణం తెలుసుకోవాలంటే రెండు మళ్లలో ఒకే విత్తనం చల్లి, ఒక మడికే ఎరువు వేసి చూస్తారు. పిల్లలను అట్లా విడదీసి, కొందరికి చదువు మాన్పించటం న్యాయం కాదు గదా! అయితే ఒక చట్టం అనుకోకుండానే ఈ పని చేసిపెట్టినది.

1944లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన విద్యాచట్టం ప్రకారం, 1947 ఏప్రిల్ 1 నుండి బడి విడువదగిన వయస్సు 14 నుండి 15కు పెరిగినది. దేశం అప్పుడే యుద్ధంనుండి బయటపడినది. గదులు చాలక కాంక్రీటు పలకలతో షెడ్లు లేపారు. ఉపాధ్యాయులు చాలక, సైన్యంనుండి తిరిగివచ్చిన వారికి, ఇతరులకు సుమారు ఒక ఏడాది శిక్షణ ఇచ్చి బడులకు పంపారు. అంతకు ముందు దాదాపు సగంమంది 14 ఏళ్లకే బడి విడిచేవారు. కొద్ది సంవత్సరాలలోనే ఆ సంఖ్య సుమారు పదోవంతుకు దిగినది.

1933 మార్చి చివర పుట్టినవాడు 14 ఏళ్లకే పనికి పోవచ్చును; ఏప్రిల్ మొదట పుట్టినవాడు మరొక ఏడాది బడిలో ఉండవలెను. ఇద్దరూ పెరిగిన కాలం, తిన్న తిండి ఒకటే. కనుక వీరే ఆ రెండు మళ్లు. ఈ రెండు వర్గాలవారు వృద్ధులైన తరువాత, వారి ఆరోగ్యాన్ని, మరణాలను డామన్ క్లార్క్, హెదర్ రాయర్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు పోల్చి 2013లో ఫలితం ప్రకటించారు. చదువు పెరిగినది నిజమే. మరణాలలో మాత్రం చెప్పుకోదగిన తేడా కనబడలేదు!

అయితే చదువువలన ఆరోగ్యానికి లాభం లేదా? ఆఫ్రికాలోని బోట్స్వానాలో ఇటువంటి పరీక్షే వేరొక ఫలితమిచ్చినది. అక్కడ 1996లో పదవ తరగతిని పై దశనుండి తీసి, దిగువ మాధ్యమిక దశలో చేర్చారు. దానితో ఎక్కువమంది ఆ తరగతి చదివారు. ఎయిడ్స్ కలిగించే హెచ్.ఐ.వి. ఆ దేశంలో విపరీతంగా వ్యాపించిన రోజులవి. 2015లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, ఇట్లా కలిసివచ్చిన ఒక ఏడాది చదువువలన ఆ వైరస్ సోకినవారు నూటికి సుమారు 8 మంది వంతున తగ్గారు. స్త్రీలలో మేలు మరింత ఎక్కువ.

ఈ భేదానికి కారణాలు పలు ఉండవచ్చును. బ్రిటనులో 1948 జులైలో జాతీయ ఆరోగ్య సేవ మొదలై, చదువుతో నిమిత్తం లేకుండా అందరికీ ఉచిత వైద్యం కల్పించినది. బోట్స్వానాలో 1996 నాటికి ఆ వ్యాధికి ప్రజలందరికీ అందే మందు లేదు. తెలిసి జాగ్రత్తపడటమే రక్షణ. అటువంటి చోట ఒక్క ఏడాది చదువు ప్రాణం నిలిపినది. ఎరువు ఒకటే అయినా, నేలను బట్టి గదా పంట!