"చెల్లు" అను మాట

"ఈ టిక్కెట్టు చెల్లదు" అని రోజుకు పదిమార్లు చెప్పే ఉద్యోగం నాది. యీ "చెల్లు" అనే మాటకు మొదటి అర్థం "పోవు" అని యెరిగినవారు మనలో తక్కువ. తమిళంలో "సెల్" అంటే నేటికీ పోవుటయే. మన కావ్యాలలోని "చను" కూడా యీ కుదురులోనిదే. బరో, ఎమెనో పండితులు 1961లో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు యిటువంటి మాటలను ఒకచోట చేర్చింది.

చేతులు మారుతూ పోయే నాణెం చెల్లే నాణెం. బాకీని పోనిచ్చుట చెల్లించుట. గడచిపోయినది కాలం చెల్లినది. మనకు నడక మరుగుపడి, చలామణీ మిగిలింది.

ఆ నడక మన ముంగిటనే వున్నది. రాయగడ సంతకు కొండ దిగి వచ్చే కోదులు తమ కువి భాషలో పోవుటను "హల్" అంటారు. కుయి భాషలో అది "సల్". మూలంలోని చకారం అక్కడ సకారమై, యిక్కడ హకారమైనది. "వచ్చు"కు వారి ధాతువు "వా".

కోరాపుట్, రాయగడ సీమలు 1936 ఏప్రిల్ 1న ప్రత్యేక ఒరిస్సా ఏర్పడేవరకు విశాఖపట్టణం జిల్లాలోనివే. సరిహద్దు మారింది గాని మాటల చుట్టరికం మారలేదు. కోదుల పలుకు విని మన పిల్లలు నవ్వితే, సొంత మేనత్తను వెక్కిరించినట్లే. యీ ఉగాది నుంచి సంతలో వారిని పలకరించి, నాలుగు మాటలు నేర్చుకొందాం. మన యింట తెలుగునూ చెల్లనిద్దాం.