ఫీజు పోగా మిగిలిన ఖర్చు

కన్వీనర్ కోటాలో సీటొస్తే చాలు, ఫీజు గవర్నమెంటే కడుతుంది అన్న ధీమా లేపాక్షి, హిందూపురం, పెనుకొండ ప్రాంతాల్లో బాగా వేళ్లూనుకుంది. అర్హులైన కుటుంబాలకు అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ ధీమా వెనక ఉన్న నాలుగు దశాబ్దాల చరిత్రలో ప్రభుత్వాలూ కోర్టులూ తగవు తీర్చింది ఫీజు ఎవరు కట్టాలన్న విషయంలోనే. పిల్లవాడి చదువుకు ఇంటికి మొత్తం ఎంతవుతుందన్న ప్రశ్న ఎప్పుడూ పక్కకే జరిగింది.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజును నిషేధించింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో (ఆంధ్రప్రదేశే అందులో ప్రతివాది) సుప్రీంకోర్టు ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల సీట్లను సగం ఫ్రీ, సగం పేమెంటు అని విడగొట్టింది. అంటే ఫ్రీ సీటు భారాన్ని పేమెంటు సీటు తండ్రి మోసేవాడు. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఆ ఏర్పాటును కొట్టేసింది. 2008-09లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తెచ్చిన పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఆ బరువు ఖజానా నెత్తికెక్కింది. దాంతో ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు 700 దాటిపోయాయి. ఖజానా మోయలేక చాలామంది బీసీ, ఈబీసీ పిల్లలకు ఏడాదికి 35,000 రూపాయల దగ్గర గీత గీసింది. 2019 తర్వాత వచ్చిన విద్యాదీవెన పథకం మళ్లీ పూర్తి ఫీజు అంది, 2020 డిసెంబరులో ప్రైవేటు కాలేజీల్లోని పీజీ చదువులను మినహాయించింది. మేనేజ్‌మెంట్ కోటాకైతే ఈ సాయం వర్తించనే లేదు. నిధులు ఆలస్యమైనప్పుడల్లా ఇబ్బంది పడింది మాత్రం కాలేజీ ఆపిన సర్టిఫికెట్ల కోసం తిరిగిన విద్యార్థే.

తిండికీ బసకూ వసతి దీవెన ఇచ్చారు కదా అనవచ్చు. ఇంజినీరింగ్ విద్యార్థికి ఆ పథకం కింద ఏడాదికి 20,000 రూపాయలు వచ్చేవి. పది నెలలకు పంచితే నెలకు 2,000. ప్రైవేటు హాస్టల్లో మెస్ బిల్లు కట్టినవారెవరికైనా అది ఎంత దూరం వస్తుందో తెలుసు. ఇంట్లో ఉన్నా తినేదేగా, దాన్ని చదువు ఖర్చులో ఎందుకు కలపాలి అనేవారూ ఉన్నారు. ధర్మవరం మగ్గం ఇంటిని చూస్తే జవాబు దొరుకుతుంది. అక్కడ పిల్లవాడు కండెలు చుడతాడు, పడుగు అతకడంలో సాయం చేస్తాడు, మగ్గమెక్కి నేస్తాడు. అతను కాలేజీకి పోతే ఇంటికి రెండు దెబ్బలు: ఒక మనిషి పని పోతుంది, ఆ మనిషికే నెలనెలా రొక్కం పంపాలి. ఇంట్లో ఇంకో కంచం పెట్టడం వేరు, హాస్టల్‌కు డబ్బు కట్టడం వేరు. ఈ నష్టం ఏ ప్రభుత్వ లెక్కలోనూ ఫీజు కింద రాదు.

ఈ ఫీజు పథకమే లేకుంటే ఆ ఇంట్లోంచి ఇంజినీరే వచ్చేవాడు కాదన్న వాదన బలమైనది, దాన్ని కాదనలేం. అయితే సాయానికి మరో తీరు కూడా ఈ ఊళ్లున్న జిల్లాలోనే ఉంది. 1981లో డీమ్డ్ యూనివర్సిటీ అయిన పుట్టపర్తి సత్యసాయి విద్యాసంస్థ ట్యూషన్ ఫీజే తీసుకోదు. విరాళాలతో నడిచే సంస్థను అందరికీ కొలబద్ద చేయలేమన్నది నిజమే. కానీ ముందు ఫీజు నిర్ణయించి, తర్వాత దాన్ని ఎవరు తీర్చాలని వెతకడమొక్కటే దారి కాదని అది నిరూపించింది. పథకాన్ని తీసేయమని కాదు, వసతి సొమ్మును మెస్ బిల్లుతో పోల్చి ఏటా సవరించమని అడగాలి. వెబ్ ఆప్షన్లు పెట్టే తల్లిదండ్రులకు ఒక మాట: ట్యూషన్ ఫీజు ఒక్కటే చూసి సంతకం పెట్టకండి, హాస్టల్, బస్సు, పరీక్ష ఫీజులతో కలిపి నాలుగేళ్ల ఖర్చు మొత్తం కాలేజీచేత కాగితం మీద రాయించుకోండి.