'సంస్కార': నెల్లూరాయన తీసిన కన్నడ సినిమా, మా ఇంటి కథ

మా ఇంట్లో మాటలు తెలుగు, లెక్కలు కన్నడం, ఉత్తరాలు చాలాకాలం ఇంగ్లీషు. బెంగళూరులో నాలుగు తరాలుగా ఉన్న తెలుగు ఇళ్లు చాలావరకు ఇట్లాంటివే. ఎన్టీఆర్, ఏఎన్నార్ సినిమాలకు వరుసలో నిలబడినవాళ్లం. రాజ్‌కుమార్ సినిమా వస్తే దానికీ పోయినవాళ్లం. అయితే మా ఇంటి చరిత్రలో రాసి పెట్టుకోవలసిన సినిమా ఒక్కటే. అది కన్నడం. తీసినాయన నెల్లూరు తెలుగాయన. దాని పేరు 'సంస్కార'.

ఈసారి దాని గురించి రాస్తాను. ముందు లోకానికి తెలిసిన చరిత్ర చెప్పి, తర్వాత మా ఇంటి ముచ్చటకు వస్తాను.

బర్మింగ్‌హామ్‌లో ఒక సాయంత్రం

ఈ కథ మొదలైంది ఇంగ్లండులో. 1960ల మొదట్లో యు.ఆర్. అనంతమూర్తిగారు బర్మింగ్‌హామ్‌లో పరిశోధన చేసుకుంటూ ఉన్నారు. అక్కడ తనకు గురుస్థానంలో ఉన్న రచయిత మాల్కమ్ బ్రాడ్‌బరీతో కలిసి ఒక స్వీడిష్ సినిమా చూశారు. ఇంగ్మార్ బెర్గ్‌మన్ 1957లో తీసిన 'ది సెవెంత్ సీల్' అది. ఊళ్లను ప్లేగు తినేస్తూ ఉంటుంది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఒక వీరుడు మృత్యువుతో చదరంగం ఆడుతూ, దేవుడు ఉన్నాడా లేడా అని వెతుక్కుంటాడు. వాళ్లు చూసిన ప్రింటులో ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ లేవు. అనంతమూర్తిగారికి స్వీడిష్ రాదు. అయినా సినిమా ఆయన్ను పట్టేసింది.

సినిమా అయినాక ఇద్దరూ మాట్లాడుకున్నారు. మీ యూరప్ వాళ్లు మధ్యయుగాన్ని పుస్తకాలు చదివి కట్టుకోవాలి, మాకైతే అది ఇంకా ఇంట్లోనే బతికి ఉంది అన్నట్టుగా అనంతమూర్తిగారు చెప్పారట. అయితే అదే రాయమన్నారు బ్రాడ్‌బరీ. అట్లా పుట్టిన నవల 1965లో కన్నడంలో అచ్చయింది. మాట అర్థంకాని సినిమా, దాని తర్వాత ఒక సంభాషణ, ఆ రెండూ కలిసి మన పక్కింటి సాహిత్యంలో ఒక పెద్ద నవలకు కారణమయ్యాయి.

నవల సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. మలెనాడులో ఒక మాధ్వ బ్రాహ్మణ అగ్రహారం. అందులో నారణప్ప ఆచారాలన్నీ వదిలేసి, మాంసం తిని, తాగి, చంద్రి అనే తక్కువ కులపు ఆడమనిషితో కాపురం పెట్టినవాడు. అతను ప్లేగు తగిలి చచ్చిపోతాడు. వాణ్ణి కులం నుంచి వెలివేసినవాళ్లు లేరు గనక శవం బ్రాహ్మణుడిదే. కానీ దహనం చేస్తే తమకు మైల అంటుకుంటుందని అందరికీ భయం. చంద్రి తన నగలు తీసి ముందు పెడితే ఆశ, మళ్లీ భయం. శవం ఉన్నంతసేపూ అగ్రహారంలో ఎవరూ అన్నం ముట్టకూడదు. అందరూ ప్రాణేశాచార్యుల వైపు చూస్తారు. ఆయన గ్రంథాలన్నీ వెతికినా జవాబు దొరకదు.

పట్టాభి ఎవరు

దీన్ని సినిమాగా తీసినాయన తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. 1919లో నెల్లూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో, ఆ తర్వాత అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. 1939లో 'ఫిడేలు రాగాల డజన్' అనే కవితల పుస్తకం వేసి తెలుగు కవిత్వంలో గొడవ లేపారు. ఛందస్సును ఎగతాళి చేస్తూ, ఇంగ్లీషు మాటలను కావాలని కలిపి రాసిన పుస్తకం అది. మన ఇళ్లలో మనం మాట్లాడే కలగాపులగం భాషకు కవిత్వంలో చోటిచ్చిన మొదటివాళ్లలో ఆయన ఒకరని నాకనిపిస్తుంది. తర్వాత మద్రాసులో తెలుగు సినిమా నిర్మాణంలోకి దిగారు. 1958లో వచ్చిన 'పెళ్లినాటి ప్రమాణాలు' వెనక ఆయనా ఉన్నారు.

ఆయన భార్య స్నేహలత. మద్రాస్ ప్లేయర్స్ నాటక బృందాన్ని నిలబెట్టినవాళ్లలో ఒకరు. గిరీశ్ కార్నాడ్ కూడా ఆ బృందంలోనివాడే. 'సంస్కార' చిత్రానువాదం కార్నాడ్ రాసి, ప్రాణేశాచార్యులుగా నటించారు. నారణప్పగా పి. లంకేశ్, చంద్రిగా స్నేహలత వేశారు. సంగీతం రాజీవ్ తారానాథ్, కెమెరా ఆస్ట్రేలియా నుంచి వచ్చిన టామ్ కోవన్. శృంగేరి ప్రాంతంలో వైకుంఠపుర అనే పల్లెలో, నలుపు తెలుపుల్లో తీశారు. కన్నడ నవల, తెలుగు దర్శకుడు, ఆస్ట్రేలియా కెమెరా, వెనకాల ఎక్కడో స్వీడన్ ప్లేగు.

1970లో మద్రాసు సెన్సార్ వాళ్లు దీన్ని ఆపేశారు. కులాల మధ్య చిచ్చు రేగుతుందని భయం. తర్వాత కేంద్ర సమాచార మంత్రిత్వ శాఖ ఆ నిషేధం ఎత్తేసింది. ఆ సంవత్సరం జాతీయ ఉత్తమ చిత్రం బహుమతి దీనికే వచ్చింది. కన్నడానికి అది మొదటిసారి. దాని వెనకే 'వంశవృక్ష', 'కాడు', 'చోమన దుడి', 'ఘటశ్రాద్ధ' వరసగా వచ్చాయి.

మా తాత చూసిన రోజు

మా ముత్తాత చిత్తూరు వైపు నుంచి వచ్చి చిక్కపేటలో బట్టల అంగట్లో గుమాస్తాగా చేరారు. తాతకు అదే అంగడి, అదే గుడి, అదే వీధి. సినిమాల పిచ్చి లేని మనిషి. 'సంస్కార' మీద ఊరంతా రచ్చ జరుగుతా ఉంటే, అప్పుడు కాలేజీలో ఉన్న మా నాయన ఆయన్ను పట్టుబట్టి తీసుకుపోయినారు. పాటలు లేని సినిమాకు దుడ్లు దండగ అని తాత దారిపొడుగునా గొణిగినారంట.

తిరిగొచ్చి అన్నానికి కూచోలేదు. అవ్వ చెప్పేది: "ఆ పొద్దు మీ తాత వాకిట్లోనే కూచుండిపాయ. ఏమప్పా, ఒంట్లో బాగలేదా అంటే, మన ఇంట్లో కూడా ఒక పీనుగ ఉండాదే, ఇన్నేండ్లుగా ఎవురమూ తియ్యలేదు అనె."

ఆయనకొక తమ్ముడు. మాకు చిన్నతాత. బళ్లారిలో ఉద్యోగం చేస్తూ వేరే కులం ఆమెను పెళ్లి చేసుకున్నాడు. ఆయన పోయినట్టు తంతి వచ్చినప్పుడు మా ఇంట్లోంచి ఒక్కరూ పోలేదు. పోతే మనకేమవుతుందో, ఆడపిల్లల పెళ్లిళ్లు ఏమవుతాయో అని లెక్కలు వేసుకున్నారు. కొరివి పెట్టింది ఎవరో కూడా అడగలేదు. ఆ మాట ఇంట్లో ఎత్తగూడదు. సినిమాలో చంద్రి రాత్రికి రాత్రి ఒక ముస్లిం సాయంతో శవాన్ని దహనం చేయిస్తుంది. ఆ సంగతి తెలియక అగ్రహారంలో అందరూ ఇంకా తర్జనభర్జన పడుతూనే ఉంటారు. తాతకు తగిలింది ఆ ఘట్టమేనని నాయన చెప్తారు.

ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. బ్రాహ్మల కథ, మనకేం సంబంధం అన్నారు తాత బావమరిది. కులం ఏదైతేనేం, వెలి అన్నది ఒకటే కదా అన్నారు తాత. వారం రోజులు రాత్రి భోజనాల దగ్గర ఇదే వాదన. కన్నడ సినిమా మీద తెలుగులో కొట్లాట. చివరికి తాత బళ్లారికి ఒక కార్డు రాసినారు. రెండు నెలలకు జవాబు వచ్చింది. చిన్నతాత భార్య, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని మా ఇంటికి మొదటిసారి వచ్చింది ఆ ఏడు ఉగాదికి. ఈ పేజీ చదివే చుట్టాల్లో సగంమంది ఆ ఇద్దరు పిల్లల సంతానమే.

సినిమా మనుషుల్ని మారుస్తుందని నేను చెప్పబోవడం లేదు. సినిమా ఒక్కటే అయితే తాత ఆ రాత్రి పడుకొని లేచి మర్నాడు అంగడికి పోయేవారు. ఆ వారం రోజుల మాటలే పని చేశాయి.

ఫిల్మ్ సొసైటీ రోజులు

నాయనకు అక్కడినుంచి ఈ సినిమాల రుచి తగిలింది. దేశంలో ఈ దారి అప్పటికే పడింది. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టారు. 1952లో మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవం బొంబాయిలో మొదలై మద్రాసు, ఢిల్లీ, కలకత్తాలకు వెళ్లింది. ఇటలీ 'బైసికిల్ థీవ్స్' మన దేశంలో చాలామంది చూసింది అప్పుడే. 1959లో సొసైటీలన్నిటికీ సమాఖ్య ఏర్పడింది. బెంగళూరులో సుచిత్ర 1971లో పుట్టింది. సభ్యులకు మాత్రమే చూపిస్తారు గనక సొసైటీలకు సెన్సార్ మినహాయింపు ఉండేది. ప్రింట్లు రాయబార కార్యాలయాల నుంచి, పూనా ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి వచ్చేవి.

ఇది పట్నం చదువుకున్నవాళ్ల సరదా అనుకుంటే పొరపాటు. శివమొగ్గ జిల్లా హెగ్గోడులో కె.వి. సుబ్బణ్ణగారి నీనాసం 1973లో చిత్రసమాజం పెట్టి, వక్కతోటల్లో పనిచేసే జనానికి ప్రపంచ సినిమాలు చూపించింది.

చిన్నప్పుడు నాయన వెంట నేనూ పోయేదాన్ని. చెక్ భాషో, జపనీసో, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినాక మెట్ల మీద బై-టూ కాఫీలు పట్టుకొని కన్నడం, తెలుగు, తమిళం, ఇంగ్లీషు కలిపి వాదించుకునేవాళ్లు. ఇంటి భాష ఒకటి, వీధి భాష ఒకటి అయినవాళ్లకు అర్థంకాని మాట కొత్త కాదు. ముఖం చూసి, గొంతు విని సంగతి పట్టుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య.

తెలుగులోకి తిరుగు బాకీ

నెల్లూరాయన కన్నడానికి ఇచ్చిందానికి కన్నడం తిరిగి ఇచ్చింది కూడా ఉంది. 1977లో బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ తెలుగులో 'ఒక ఊరి కథ' తీశారు. మూలం ప్రేమ్‌చంద్ కథ 'కఫన్'. అందులో వెంకయ్యగా నటించింది ఎం.వి. వాసుదేవరావు. 'చోమన దుడి'లో చోమగా జాతీయ ఉత్తమ నటుడైన కన్నడ కళాకారుడు. అదీ శవం కథే. చచ్చిపోయిన కోడలి శవంమీద గుడ్డకోసం అడుక్కునే మామ కథ. ఒకచోట శవానికి సంస్కారం దొరకలేదు, ఇంకొకచోట గుడ్డ. రెండు సినిమాలూ మా నాయన నాకు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపించారు.

'సంస్కార' తీసినవాళ్ల కథ సుఖంగా ముగియలేదు. ఎమర్జెన్సీలో, 1976 మేలో స్నేహలతగారిని అరెస్టు చేసి బెంగళూరు జైల్లో పెట్టారు. ఉబ్బసం మనిషి. జైల్లో ఆరోగ్యం పూర్తిగా పాడైంది. 1977 జనవరిలో పెరోల్ మీద వదిలిన కొద్దిరోజులకే, 20వ తేదీన పోయారు. పట్టాభిగారు ఆ తర్వాత మరి కొన్ని సినిమాలు తీసి, 2006లో బెంగళూరులోనే కన్నుమూశారు.

తెలుగువాళ్ల పుస్తకాల్లో ఆయన ఎక్కువగా కవి. కన్నడంవాళ్ల పుస్తకాల్లో దర్శకుడు. అటువాళ్లకు ఇది పెద్దగా పట్టదు, ఇటువాళ్లకు అది చదవరాదు. రెండూ తెలిసినవాళ్లం మనమే. ఆ రెండు సగాలను కలిపి చెప్పే పని మనం చేయకపోతే ఇంకెవరు చేస్తారు?

మా పిల్లలు ఇప్పుడు కొరియా సినిమాలు ఫోనులో చూస్తారు. సబ్‌టైటిల్స్ ఉంటాయి, అంతా అర్థమవుతుంది. చూసి పక్కకు తిరిగి పడుకుంటారు. పోయిన నెల వాళ్లందరినీ కూచోబెట్టి 'సంస్కార' వేశాను. అయిపోయినాక మా మేనకోడలు అడిగింది: "అత్తా, మన చిన్నతాతకు కొరివి ఎవరు పెట్టినారు?"

బళ్లారి అత్తకు ఫోన్ చేసి కనుక్కున్నాం. చిన్నతాత భార్యే పెట్టిందంట.