అధిక రక్తశర్కర, ప్రాణవాయు కొఱత: హృదయకండరము

రక్తమున చక్కెర మితిమీఱుటయు, కండరమునకు ప్రాణవాయువు చాలకుండుటయు వేర్వేఱుగనే హృదయమునకు చేటు. రెండును కూడినచోట మొదటిది రెండవదానిని తట్టుకొను ఉపాయమునే చెఱచునని ఇటీవలి పరిశోధకులలో పెక్కుమంది మతము.

ఎన్నడును విశ్రమింపని కండరమైనను హృదయమున శక్తినిల్వలు అత్యల్పములు. ఉత్పత్తి నిలిచినచో అందలి ఏటీపీ అను శక్తిద్రవ్యము కొన్ని సెకండ్లకు మించి చాలదు. ఈ శక్తివ్యాపారమునెఱుంగుటకు పునాది వేసినవారిలో 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ముఖ్యుడు. హార్వర్డున సైరస్ ఫిస్కెతో కలిసి 1925లో ఆయన ప్రకటించిన భాస్వరమాన పద్ధతిలో నీలివర్ణము ఎంత గాఢముగ తేలునో భాస్వరమంత యున్నట్లు లెక్క. కండరసారముతో ఆ వర్ణము వెంటనే తేలక మెల్లమెల్లగ చిక్కనగుట గమనించియే వారు 1927లో ఫాస్ఫోక్రియేటిన్ అను శక్తినిల్వ ద్రవ్యమును బయల్పఱచిరి. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును అదే యేట దీనిని వేఱొక పేరుతో ప్రకటించిరి గాని, అందు క్రియేటిన్ గలదని తేల్చినది హార్వర్డు జంటయే. ఏటీపీ ఆవిష్కరణను సుబ్బారావుకే ఆపాదించు తెలుగు రచనలు కలవు. కాని జర్మనీలో కార్ల్ లోమన్ ప్రకటన 1929 ఆగస్టుననే వెలువడెను, ఫిస్కె-సుబ్బారావుల ప్రకటన అక్టోబరున వచ్చెను గనుక, ఇరుపక్షములు స్వతంత్రముగ కనుగొనెననుట యుక్తము.

ఆరోగ్యవంతమైన హృదయము తన శక్తిలో సుమారు 60–70 శాతము కొవ్వు ఆమ్లములనుండి గ్రహించును. ప్రాణవాయువు తగ్గినపుడు, అంతే వాయువుతో అధికశక్తి నొసగు చక్కెరవైపు మరలును. మధుమేహమున ఇన్సులిన్ వ్యాపారము కుంటువడుటచే, చెఱువు నిండియుండియు తూము పూడిన మడికి నీరందనట్లు, రక్తమున చక్కెర పొంగుచున్నను కండరకణమునకు తగినంత చేరదు. హృదయము కొవ్వునే పట్టుకొని వ్రేలాడును. కొఱతను పసిగట్టి జన్యువులను మేల్కొల్పు హిఫ్-1 అను ప్రోటీను సైతము అధిక చక్కెరలో నిలువలేదని ప్రయోగశాలా పరీక్షలు సూచించుచున్నవి. దీనికి తోడు, చక్కెర అంటుకొనిన కొల్లాజెన్ పోగులు ఒండొంటితో పెనవైచికొని గోడలను బిగించును. గుండె ముడుచుకొనగలిగియు సులువుగ సడలలేదు.

రక్తనాళములు మూసికొనకయే మధుమేహుల హృదయము చెడునను భావము 1954 నాటికే లుండ్‌బెక్ అను వైద్యుని రచనలో కానవచ్చును. 1972లో రూబ్లరు పరిశోధకబృందము నలుగురు రోగుల శవపరీక్షలతో దానిని స్థాపించెనందురు. మధుమేహము కలిగించిన కొలదికాలమునకే ఎలుకల హృదయములు వాయుకొఱతను మేలుగ సహించినవని కొన్ని ప్రయోగములు, అట్లు కాదని మఱికొన్ని చెప్పుచున్నవి. దీర్ఘకాల రోగులైన మనుష్యుల అనుభవము రెండవపక్షమునకే అనుకూలము.

ఈ ముప్పు పల్లెలకును దూరము కాదు. తెలంగాణలోని దేవరకొండ పరిసరములలో జొన్న, సజ్జల స్థానమును 1983 నాటి రెండురూపాయల కిలో బియ్యపు పథకము తరువాత బియ్యము చాలవఱకు ఆక్రమించెను. షుగరు వ్యాధి తండాలకు సైతము ప్రాకుటకు ఇదియొక కారణము కావచ్చును. ఈ వ్యాధిచే నాడులు చెడినవారికి గుండెపోటున ఛాతినొప్పి రాకపోవచ్చును. దమ్ము, చెమట, ఒళ్లు తూలుట మాత్రమే కనబడును. గ్యాసు పట్టినదని సోడా త్రాగి పండుకొనుట పరిపాటి. రక్తమందని కండరము సుమారు ఇరువది నిమిషములనుండి చావనారంభించును. పెద్దాసుపత్రులున్న హైదరాబాదు దేవరకొండకు నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరము. అందుచే మధుమేహికి హఠాత్తుగ దమ్ము వచ్చినచో, నొప్పి లేకున్నను ముందుగ ఈసీజీ తీయవలెనని వైద్యులు విధింతురు.